మన లక్కవరం తెన్నేటి విశ్వనాథం గారు

మన చోడవరం పక్కనున్న లక్కవరంలో 1895లో పుట్టిన తెన్నేటి విశ్వనాథం గారు మన మతస్థులు కారు. అయినా ఈ సంచికలో వారిని తలుచుకోవడం మన విధి అనుకున్నాం. ఉక్కు ఫ్యాక్టరీ జీతంతో ఈ ప్రాంతంలో అన్ని మతాల ఇళ్లలోనూ పొయ్యి వెలిగింది కదా!

విశాఖలో వకీలుగా ఉంటూ వారు స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి కుడిభుజం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పంతులు గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి అయ్యారు. కొత్త రాష్ట్రం, కర్నూలు రాజధాని, డేరాల్లో ఆఫీసులు. ఆ ఖజానాను చూసుకోవడం మాటలా? 1954 నవంబరులో మద్యనిషేధం తగువు మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆ మంత్రిత్వం పదమూడు నెలలే.

మా దృష్టిలో వారి అసలు పని కుర్చీ లేనప్పుడే జరిగింది. 1962లో మాడుగుల నుంచి ఇండిపెండెంటుగా శాసనసభకు గెలిచారు. 1966లో విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని అమృతరావు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఊళ్లకు ఊళ్లే కదిలాయి. ఉద్యమాన్ని ముందుండి నడిపినవారిలో విశ్వనాథం గారొకరు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది విశాఖ ఓటర్లు వారిని పార్లమెంటుకు పంపారు.

1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ గారు పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన అయింది. అక్కడి నుంచి పని నత్తనడకే. విశ్వనాథం గారు 1979 నవంబరు 10న కన్నుమూశారు. మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగింది 1990లో.