కంప్యూటర్‌కు మాటలు నేర్పిన గ్రేస్ హోపర్ గారు

ఈసారి గోడ పత్రికకు నేను గ్రేస్ హోపర్ గారి జీవితం రాస్తున్నాను.

ఆవిడ 1906 డిసెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టారు. ఏడేళ్లప్పుడు అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని ఒకటి విప్పారు. మళ్లీ బిగించడం రాలేదు. ఇంకోటి విప్పి చూశారు. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశారు! వాళ్లమ్మ మాత్రం ఇకమీదట ఒక్కదాన్నే విప్పుకోమన్నారు.

గణితంలో 1934లో యేల్ యూనివర్సిటీ నుండి డాక్టరేట్ పొందారు. కాలేజీలో పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. అయినా వదల్లేదు. ప్రత్యేక అనుమతి తీసుకొని 1943లో చేరారు. 1944లో హార్వర్డ్‌లో మార్క్ 1 అనే కంప్యూటర్ దగ్గర పని ఇచ్చారు. దాని పొడవు 51 అడుగులు!

1947లో మార్క్ 2 కంప్యూటర్‌లో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి పుస్తకంలో టేపుతో అంటించారు. పట్టింది ఆవిడే అని చాలామంది అనుకుంటారు. కానీ పట్టింది తోటివాళ్లు, ఆ కథ అందరికీ చెప్పింది ఆవిడ.

అసలు తప్పులు పురుగుల వల్ల కాదు, చూసి రాయడంలో వచ్చేవి. 4 అంకె కాస్తా డెల్టా గుర్తు అయిపోయేది. అందుకని ఆ పని యంత్రానికే అప్పజెప్పాలని 1952లో ఎ-0 అనే కంపైలర్ తయారుచేశారు. తర్వాత ఇంగ్లీషు మాటలతో రాస్తే కంప్యూటర్ చేసేలా ఇంకోటి చేశారు. కంప్యూటర్‌కు మాటలు రావని అందరూ అన్నారు. ఆ దారిలోనే 1959లో కోబాల్ భాష మొదలైంది.

కంపైలర్ అంటే దుబాసీ లాంటిది. మనం రాసింది యంత్రం భాషలోకి మారుస్తుంది. దుబాసీ కూడా తడబడుతుంది. పాత కంపైలర్లలో ఒక్కోసారి ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ అని వస్తుంది. అంటే లోపం కంపైలర్‌లోనే ఉందన్నమాట. అప్పుడు ప్రోగ్రాములో సగం తీసి చూడాలి. మళ్లీ అందులో సగం తీయాలి. ఏ చిన్న ముక్క దగ్గర ఆగుతుందో దొరికాక దాన్ని వేరేగా రాయాలి, లేదా కొత్త కంపైలర్ వాడాలి.

హోపర్ గారి ఆఫీసులో ఒక గడియారం వెనక్కి తిరిగేది. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం అనే మాట ఆవిడకు నచ్చదు. 1986లో 79 ఏళ్లకు రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న చనిపోయారు.

మా ఇంట్లో కోయ మాట్లాడతాం. అమ్మానాన్న బడికి పోలేదు. ఒకటో తరగతిలో పుస్తకం తెలుగులో ఉండేది. మాకు అర్థం కానిది బుర్ర లేక కాదు, మధ్యలో దుబాసీ లేక. ఈ ఏడు చిన్న చెల్లెళ్లు చాలామంది కొత్తగా వచ్చారు. పాఠం అడిగితే నోరు విప్పరు. వాళ్లను మొద్దులు అనొద్దు. ఎక్కడ ఆగారో కొంచెం కొంచెంగా అడుగుదాం. మన ఇంటి మాటలో చెబుదాం. రాత్రి స్టడీ అవర్‌లో ఒక్కో అక్క ఒక్కో చెల్లికి దుబాసీగా ఉండేందుకు మేడమ్ గారు అనుమతి ఇవ్వాలని కోరుకుంటున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని