పామర్ కంపెనీల అందరున్నరు, రైతు తప్ప

సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక దూరంల మా రూమ్. మూడో అంతస్తు, పైన రేకులు. ఉస్మానియాల చదివేటప్పుడు దిగినం. చదువు అయిపోయినా కిరాయి తక్కువని ఇడిసిపోలే. ఆ రూమ్‌లనే నిరుడు నలుగురం కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టినం. పాలమూరు గుట్టల మీద ఆడోళ్ళు తెంపే సీతాఫలాలను పట్నంల కొనేటోళ్ళకు నేరుగా అందియ్యాలె, గంతే పని. సీతాఫలం తెంపినంక రెండు మూడు రోజులే ఆగుతది. గందుకే నడుమ దళారి ఎంత చెప్తే గంతకే గంప ఇచ్చి పోతరు. గా గంపకు సరైన ధర ఇప్పియ్యాలని మా ఆశ.

నేను జనగామ దిక్కోన్ని, లెక్కలు చూస్త. ఒక దోస్తు ఆదిలాబాద్ నుంచి వచ్చి యాప్ రాసిండు. ఇంకొకడు ఇక్కడి గల్లీలనే పుట్టి పెరిగినోడు, ఆటోలు, బండ్లు వాని పని. నాలుగో మనిషి పాలమూరు పిల్ల. ఏ గుట్టకు ఎవరు పోతరో, ఎవరింట్ల ఏం కష్టముందో ఆమెకే ఎరుక. ఆమె లేకపోతే మాకు ఒక్క గంప రాదు.

మొన్న మాదాపూర్ దిక్కు ఒక పెట్టుబడిదారు పిలిస్తే ముగ్గురం పోయినం. ఆమె సీజన్ పని మీద ఊర్లనే ఉండె. ఆయన మా స్లైడ్లు చూసిండు. నాలుగు తీర్ల మనుషులున్న ఫోటో మస్తుగున్నదని మెచ్చుకున్నడు. రెండు కోట్లు పెడ్త, 20 శాతం వాటా కావాలె, బోర్డుల మా మనిషి ఒకరు కూసుంటరు అన్నడు. ఆఖర్ల ఇంకో మాట కలిపిండు. పాలమూరు పిల్లకు ఇంగ్లీష్ సరిగ్గ రాదు గాబట్టి ఆమెను ఫౌండర్ల నుంచి తీసి జీతానికి పెట్టుకోవాలె, ఆ జాగల తనకు తెల్సిన ఎంబీఏ పిలగాన్ని తీస్కోవాలె. ఫోటోల మాత్రం ఆమెను ఉండనియ్యుమన్నడు.

ముగ్గురం నోరు మెదపలే. సోమవారం జవాబు చెప్తమని లేచి వచ్చినం. హైటెక్ సిటీల ఎంఎంటీఎస్ ఎక్కి సీతాఫల్‌మండిల దిగేదాక ఒకని మొఖం ఒకడు చూసుకోలే. గా రాత్రి నాకు యాదికొచ్చిన మనిషి విలియం పామర్.

గ్రూప్స్‌కు చదివినోళ్ళందరికీ గీ పేరు తెల్సు. నిజాం కాలం పాఠంల పామర్ అండ్ కంపెనీ అని ఒక బిట్టు వస్తది. నిజాంకు అప్పులిచ్చిన కంపెనీ అని టిక్కు పెట్టి ముందుకు పోతం. నేను కూడా గట్లనే పోయిన. తర్వాత ఆ మనిషి బతుకు చదివితే, గిది రెండు వందల ఏండ్ల కిందటి స్టార్టప్ కథే అనిపించింది.

పామర్ 1780ల లక్నోల పుట్టిండు. నాయిన విలియం పామర్ అనే పేరే ఉన్న ఈస్టిండియా కంపెనీ జనరల్. తల్లి ఫైజ్ బక్ష్, మొగల్ ఇంటి ముస్లిం ఆడామె. ఇద్దరూ ఇష్టపడి కాపురం చేసిన్రు. కొడుకును చదువుకు ఇంగ్లండ్ పంపిన్రు. ఇంగ్లీష్, ఫార్సీ రెండూ వచ్చినయ్, రెండు దిక్కుల మర్యాదలూ వచ్చినయ్. గిసొంటోనికి కంపెనీ సర్కార్‌ల పెద్ద కొలువు దొరకాలె కదా? దొరకలే. 1790లల కంపెనీ ఒక కాయిదా తెచ్చింది. తల్లిదండ్రులల్ల ఒకరు మన దేశపోళ్ళయితే ఆ పిల్లలకు సివిల్ కొలువులల్ల, సైన్యం పెద్ద పోస్టులల్ల జాగ లేదు. నాయిన జనరల్ అయినా కొడుకు బయటోడే అయిండు.

తలుపు మూస్తే ఇంకో తలుపు ఎతుక్కున్నడు. హైదరాబాద్‌కు వచ్చి నిజాం సైన్యంల చేరిండు. ఏండ్లకేండ్లు పనిచేసి దర్బార్‌ల ఎవరి మాట నడుస్తదో, ఖజానా ఎప్పుడు ఖాళీ అయితదో దగ్గరి నుంచి చూసిండు. కొలువు ఇడిసి సొంతంగ కంపెనీ పెట్టిండు. గోదావరి అడవుల టేకును ఓడలు కట్టెటోళ్ళకు అమ్మాలన్నది మొదట్ల ఒక ఆలోచన. పత్తి, బట్టల బేరాలూ చేసిండు. ఆఖరుకు లాభం ఎక్కువ కనిపించింది వడ్డీ వ్యాపారంల. 1814ల గవర్నర్ జనరల్ సర్కార్ గా కంపెనీకి ఒప్పుకోలు ఇచ్చింది.

ఇగ ఆ టీమ్ చూడున్రి. పామర్, ఆయన తమ్ముడు హేస్టింగ్స్ పామర్ ఇద్దరూ సగం మొగల్, సగం ఇంగ్లీష్. బెంకటీదాస్ గుజరాతీ సాహుకారు. బజార్‌ల హుండీ నడవాలంటే ఆయన పేరు కావాలె, పైసల బలం కూడా చానా మట్టుకు ఆయన దిక్కుదే. రెసిడెన్సీల వైద్యం చేసే ఇంగ్లీష్ డాక్టర్‌కు కూడా వాటా ఉండె. తర్వాత సర్ విలియం రంబోల్డ్ వచ్చి చేరిండు. ఆయన తెచ్చిన పెట్టుబడి కన్నా ఆయన చుట్టరికం పెద్దది. గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ సాకిన పిల్లను పెండ్లి చేసుకున్నడు రంబోల్డ్. మూడు మతాలు, నాలుగైదు భాషలు, బజార్ తెల్సినోడు, దర్బార్ తెల్సినోడు, దొరలకు దగ్గరోడు. ఇయ్యాల గిసొంటి టీమ్‌ను చూస్తే ఏ పెట్టుబడిదారైనా ఎగబడ్తడు.

గప్పుడు కూడా ఎగబడ్డరు. రెసిడెన్సీల పనిచేసే దొరలు, సైన్యం ఆఫీసర్లు తమ దాపుడు పైసలు తెచ్చి పామర్ దగ్గర పెట్టిన్రు. వాళ్ళకు నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ. పామర్ గా పైసలనే తీస్కపోయి నిజాం సర్కార్‌కు 24, 25 రూపాయల వడ్డీకి ఇచ్చిండు. గప్పటి రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కంపెనీ దిక్కే ఉండె. ఆయనకు లోపల్లోపల వాటా ఉందని కూడా అనుమానాలు లేచినయ్.

దేశపు రాజులకు ఇంగ్లీషోళ్ళు అప్పులియ్యొద్దని అంతకుముందే ఇంగ్లండ్ పార్లమెంట్ చట్టం చేసి ఉండె, గవర్నర్ జనరల్ అనుమతి ఉంటే తప్ప. 1816ల ఆ అనుమతి లార్డ్ హేస్టింగ్స్ చేతుల మీదనే వచ్చింది. రంబోల్డ్ చుట్టరికం ఏం పని చేసిందో గీడ అర్థమైతది.

అప్పు తీస్కున్న నిజాం ఎవరనుకున్నరు? సికందర్ జా. మన సికింద్రాబాద్‌కు పేరు ఆయనదే, 1806ల పెట్టింది. ఆయన పేరుకే నిజాం, రాజ్యం నడిపింది పేష్కార్ చందూలాల్. ఇంగ్లీష్ ఆఫీసర్ల కింద నడిచే ఫౌజుకు జీతాలియ్యాలె, ఖజానల పైసలు లేవు. నెల నెలా పామర్ కొట్టు నుంచి జీతాలు పోతయ్. బదులుగ తాలూకాల శిస్తు వసూలు కంపెనీకి రాసిస్తరు. శిస్తు గుత్తకు తీస్కున్నోడు రైతు మీద పడ్తడు. వాన పడ్డదా, పంట పండిందా అని అడిగెటోడు ఉండడు.

జెర లెక్క చెయ్యున్రి. 100 రూపాయలు 25 వడ్డీకి తీస్కొని కట్టకపోతే ఏడాదికి 125, రెండేండ్లకు 156, మూడేండ్లకు 195. అసలు అంత వడ్డీ పెరిగింది. మరి పామర్ వడ్డీ తగ్గించొచ్చు కదా? తగ్గియ్యలేడు. ఎనకాల 12 రూపాయలకు ఆశపడి పైసలు పెట్టిన దొరలున్నరు. వాళ్ళకు మాట ఇచ్చినంక ముందట ఎవల్నో ఒకల్ని పిండాలె.

ఇప్పటి వెంచర్ క్యాపిటల్ కూడా గిదే తీరు నడుస్తది. మనకు చెక్కు ఇచ్చేటాయన పైసలు చానా మట్టుకు ఆయనవి కావు. ఆయన ఎనక పెద్ద పెద్ద సంస్థలు, ధనవంతులు ఉంటరు. ఫండుకు మామూలుగ పదేండ్ల గడువు. గా లోపల పెట్టినదానికి ఎన్నో రెట్లు తిరిగియ్యాలె. పది కంపెనీలల్ల పెడితే చానా మునుగుతయ్, ఒకటి రెండే ఆ లోటంతా పూడ్చాలె. గందుకే ప్రతి కంపెనీని ఉరుకు ఉరుకు అంటరు. ఆయన చెడ్డోడని కాదు, ఆయన మెడ మీద కూడా ఒక కత్తి ఉంటది. సీతాఫలం ఏడాదికి ఒక్క సీజనే కాస్తదని చెప్తే ఆ గడువుకు వినపడది.

మళ్ళ పామర్ దగ్గరికి వద్దం. 1820ల కంపెనీ నిజాం సర్కార్‌కు 60 లక్షల అప్పు అని కొత్త పద్దు రాసింది. గదే ఏడాది రస్సెల్ పోయి చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంట్‌గ వచ్చిండు. లెక్కలు తిప్పి చూస్తే ఆయనకు కొత్త పైసలు పెద్దగ కనపడలే. పాత బాకీలనే కొత్త పేరు మీదికి మార్చిన్రని, అండ్ల 8 లక్షలు వాటాదార్ల బోనస్ ఉందని తేల్చిండు. ఈస్టిండియా కంపెనీ తరఫున 6 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పామర్ బాకీ తీర్పిద్దమని రాసిండు. లార్డ్ హేస్టింగ్స్ ఒప్పుకోలే. లండన్‌ల డైరెక్టర్లు మాత్రం పామర్‌కు ఇచ్చిన అనుమతి రద్దు చేయుమన్నరు.

1823 జనవరిల హేస్టింగ్స్ దేశం ఇడిసి పోయిండు. ఆయనతోటే రంబోల్డ్ పలుకుబడి కూడా పోయింది. గదే ఏడాది బాకీ తీర్పిచ్చిన్రు. అదెట్లనో వింటే కడుపు మండుతది. కోస్తా ఆంధ్రల ఉత్తర సర్కార్లను ఇంగ్లీషోళ్ళు తీస్కున్నందుకు నిజాంకు ఏడాదికి 7 లక్షల పేష్కష్ కట్టాలె. ఇగ ముందు ఎన్నడూ కట్టే పని లేకుంట ఒక్కసారే 1 కోటి 16 లక్షల పైచిలుకు ఇచ్చి ఆ హక్కు తెంపేసిన్రు. గా పైసలతోటి పామర్ బాకీ కట్టిన్రు. వడ్డీకి తెచ్చిన అప్పు కింద ఎప్పటికీ రావాల్సిన రాబడి పోయింది.

కంపెనీ కూడా బతకలే. సర్కార్ దయ పోయిందని తెల్సినంక పైసలు పెట్టినోళ్ళు వాపస్ అడిగిన్రు. 1824ల దివాలా తీసింది.

గీడ ఒక మాట న్యాయంగ చెప్పాలె. పామర్ ఒక్కడే పాపాత్ముడని నేననను. గప్పటి హైదరాబాద్ బజార్‌ల సాహుకార్ల వడ్డీలు కూడా తక్కువేం లేవు. గిది ఇంగ్లీష్ కంపెనీ కాదు, మన దేశపు సాహుకారు కొట్టు లెక్కనే నడిచిందని, మొగల్ తల్లి కొడుకు, గుజరాతీ సాహుకారు కలిసి గంత ఎదుగుడు దొరలకు కండ్లల్ల పడిందని కొందరు చరిత్రకారులు అంటరు. ఆ మాటల బలముంది. కొలువియ్యని కంపెనీయే కొట్టు కూడా మూయించింది. దొరలు ఇంగ్లండ్ పోయి వాదించుకున్నరు. పామర్ పోయే జాగ లేదు, హైదరాబాద్‌లనే ఉండిపోయిండు. ఆయన బిడ్డ మేరీని పెండ్లి చేసుకున్న మెడోస్ టేలర్ తర్వాత ఠగ్గుల మీద నవల రాసి పేరు తెచ్చుకున్నడు. ఫౌజు జీతాల బాకీ కిందనే 1853ల బేరార్ నిజాం చేతుల నుంచి పోవుడు కూడా పామర్ కండ్లతోటే చూసిండు. 1867ల, 87 ఏండ్ల వయసుల చనిపోయిండు. కంపెనీ నడిచింది పదేండ్లు, అది మునిగినంక బతికింది 43 ఏండ్లు.

గీ బతుకుల నాకు చిక్కిన ముచ్చట ఒక్కటే. పామర్ టీమ్‌ల అన్ని రంగులున్నయ్, అన్ని భాషలున్నయ్. కానీ అందరి బువ్వ ఒక్క కుండల నుంచే, అదే వడ్డీ. గా వడ్డీ ఎక్కువైందని చెప్పాల్సిన మనిషి, శిస్తు కట్టే రైతు, ఆ గదిల లేడు. ఉన్నోళ్ళల్ల ఎవడు కాదన్నా వాని వాటానే తగ్గుతది. తీరొక్క మనుషులను పక్కపక్కన కూసోబెట్టంగనే వైవిధ్యం రాదు. అండ్ల ఒకరికన్నా కాదు అనే హక్కు ఉండాలె, ఆ హక్కు కాయిదం మీద ఉండాలె.

మన ఊర్ల నుంచి చానామంది టీ-హబ్, వీ-హబ్ దిక్కు చూస్తున్నరు. మంచిదే, పోవాలె. కానీ పెట్టుబడి కాయిదం మీద సంతకం పెట్టే ముందు నాలుగు ముచ్చట్లు అడుగున్రి. బోర్డుల ఎవరి ఓట్లు ఎన్ని? ఫౌండర్‌ను తీసేసే హక్కు ఎవరిది? ఫండు గడువు ఎప్పుడు అయిపోతది? కంపెనీ అమ్మితే మొదలు ఎవరి పైసలు ఎవరు తీస్కుంటరు? ఆఖరిదాన్ని లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటరు. మాకు చూపిన కాయిదం ప్రకారం రేపు కంపెనీ 3 కోట్లకు అమ్ముడుపోతే, 20 శాతం లెక్కన ఆయనకు 60 లక్షలు కాదు, మొదలే 2 కోట్లు పోతయ్. మిగిలిన కోటి మేం నలుగురం పంచుకోవాలె. గిది మోసం కాదు, అంతటా ఉన్న షరతే. కానీ తెల్సి సంతకం పెట్టుడు వేరు, తెల్వక పెట్టుడు వేరు.

ఆదివారం పొద్దుగాల పాలమూరు పిల్లకు ఫోన్ చేసిన. మాదాపూర్‌ల ఏం జరిగిందో, మేం ఎట్ల నోరు మూసుకున్నమో దాచకుంట చెప్పిన. కొంచెం సేపు ఏం మాట్లాడలే. తర్వాత, ఆమె జాగల వచ్చేటాయన గుట్ట ఎక్కుతడా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సోమవారం నలుగురం కలిసి పెట్టుబడిదారుకు మెయిల్ రాసినం. బోర్డుల మీ మనిషి కూసోవచ్చు, ఆమె కుర్చీ మాత్రం కదలదు అని. గిది నేను రాసేటాల్లకు పది రోజులైంది. జవాబు రాలే, రెండు కోట్లు కూడా రాలే. సీజన్ ఇంకా నెల ఉన్నది. రేపు తెల్లారంగ ఆమె పంపిన 40 గంపలు దించుకోవాలె.