సర్ ఆర్థర్ కాటన్ – గోదావరి నీటిబాట

నరసాపురము కాలువగట్టున నడచువారికి నేడు వరిచేలకు నీరిచ్చు కాలువ మాత్రమే కన్పట్టును. ఒకప్పుడదియే ఈ సీమకు వర్తకమార్గము. ఒకే నీటితో పొలమును తడిపి, పడవను నడుపవలెనని సంకల్పించిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

ఆయన 1803 మే 15వ తేదీన జన్మించెను. మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి 1821లో భారతదేశమునకు వచ్చెను. ఇసుకపై కట్టడమును నిలుపు విద్య ఆయనకు కావేరీ తీరమున అలవడెను.

నాటి గోదావరి మండలము దీనదశలో నుండెను. నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము పేరుతోనే ఐరోపాలో ఒక రకపు నూలుగుడ్డ చెలామణియగుచుండెడిది. కుంపిణీవారు కొనుగోలు మానుటతో మగ్గములు మూలబడెను. 1833 నాటి కరవును, 1839 నాటి ఉప్పెనయు ప్రజలను కుంగదీసెను. ప్రక్కనే మహానది పారుచుండగా జనులు అన్నము లేక అల్లాడిరి.

కాటను దొర ఈ దుస్థితిని పరిశీలించి 1844లో ప్రభుత్వమునకు విన్నవించెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, సుమారు 12,000 అడుగుల ఆనకట్ట లేచెను. వేలకొలది కూలీలు శ్రమించిరి. మన తెలుగువాడగు వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను.

కాలువలకు లాకులు కట్టుటలో ఆయన దూరదృష్టి గోచరించును. పడవకు బొగ్గక్కరలేదు. గాలి కలిసివచ్చిన తెరచాప, లేనిచో గట్టుపై త్రాడు లాగు మనుష్యులు చాలుదురు. బండికి మోయశక్యము కాని బరువు తక్కువ కేవుతో అంగడి చేరును. కేవు తగ్గినగాని రైతు ధాన్యమునకు ధర రాదు. తరువాత ఏలూరు కాలువ ద్వారా కృష్ణా కాలువలును, బకింగుహాము కాలువయు కలిసి, కాకినాడ నుండి మద్రాసు వరకు జలమార్గమేర్పడెను.

రైళ్లకు ముందు కాలువలు త్రవ్వవలెనని ఆయన జీవితాంతము వాదించెను. రైలు కంపెనీల లాభమునకు ప్రభుత్వము పూచీపడి, ఆ భారమును ప్రజలపై మోపుట ఆయనకు సమ్మతము కాదు. కాని ఆయన ప్రోత్సాహముతో తుంగభద్రపై ఒక కంపెనీ త్రవ్వించిన కాలువ నష్టముపాలై, 1882లో ప్రభుత్వ పరమయ్యెను. గోదావరి నేల వేరు, కర్నూలు నేల వేరు అను సత్యమును ఆ అనుభవము చాటెను.

ఆయన 1899 జులై 24వ తేదీన ఇంగ్లండులో కీర్తిశేషుడయ్యెను. పాత ఆనకట్ట స్థానమున నిర్మింపబడిన బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. రైళ్లును, లారీలును వచ్చి సరుకు పడవలను మరపించెను. అయినను వరికంకి బరువెక్కిన ప్రతి ఏట ఈ సీమ రైతు ఆయనకు ఋణపడియే యున్నాడు. పంట పండించుటతో పాటు దానిని అంగడికి చౌకగా చేర్చుటయు దేశసేవయే యని కాటను దొర జీవితము తెలుపుచున్నది.