పిల్లి గద్దకి పేరు పెట్టిన ట్యూబింగెన్ కుర్రాడు

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ట్యూబింగెన్ తెలియకుండా ఉండదు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తే ఓ వీకెండ్ నెకర్ నదిలో పడవ ఎక్కించి తీసుకొస్తాం. 1744లో ఆ ఊళ్ళోనే పుట్టాడు సామ్యూల్ గాట్లీబ్ గ్మెలిన్. మన కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డి మైదానాలకి చలికాలంలో వచ్చే ఒక పిల్లి గద్దకి (ఇంగ్లీషులో పాలిడ్ హారియర్) శాస్త్రీయ నామం పెట్టింది ఈయనే!

గ్మెలిన్లది చదువుల కుటుంబం. బాబాయి యోహాన్ గేయోర్గ్ పదేళ్ళు సైబీరియా అంతా తిరిగి వచ్చినవాడు. సామ్యూల్ 1763లో వైద్యంలో పట్టా పుచ్చుకున్నాడు కానీ, హాలెండ్‌లో ఉండగా మనసు సముద్రపు నాచు మీదకి పోయింది. 1768లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. అప్పటికే సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో ఉద్యోగం. అదే ఏడు రష్యా రాణి కేథరిన్ కాలపు యాత్రలు మొదలయ్యాయి, ఈయన డాన్, వోల్గా నదుల మీదుగా కాస్పియన్ సముద్రం వైపు బయల్దేరాడు.

దారిలో వొరోనెజ్ దగ్గర దొరికిన గద్దని ఆక్సిపిటర్ మాక్రూరస్ అని వర్ణించాడు. మాక్రూరస్ అంటే పొడుగు తోకది. 1799లో ఫ్రాన్సులో లాసెపేడ్ ఈ రకం గద్దలకి సర్కస్ అనే ప్రజాతిని ఏర్పరచాడు. (మన సర్కస్ కాదండోయ్, గుండ్రంగా తిరిగే గద్దకి గ్రీకు పేరు!) ఇల్లు మారినా ఇంటిపేరు పోలేదు: నేటికీ సర్కస్ మాక్రూరస్ పక్కన బ్రాకెట్లో ఎస్. జి. గ్మెలిన్, 1770 అని రాస్తారు. ప్రజాతి మారిందని చెప్పడానికే ఆ బ్రాకెట్. ఇక ఆ ఎస్. జి. ఎందుకంటే, వాళ్ళ బాబాయి కొడుకు యోహాన్ ఫ్రీడ్రిష్ లినేయస్ గ్రంథం పదమూడో కూర్పు వేస్తూ వందల పేర్లు పెట్టేశాడు. దక్షిణ అమెరికా పిల్లి గద్దకి 1788లో పేరు పెట్టింది ఆయనే. ఇనీషియల్స్ లేకపోతే మనవాడి పని తమ్ముడి ఖాతాలో పడిపోయేది.

ఇంకో తమాషా. జన్యు పరీక్షల్లో పిల్లి గద్దలు ఆక్సిపిటర్ డేగల మధ్యలోంచి చీలిన కొమ్మేనని తేలి, 2024లో ఆ ఆక్సిపిటర్ ప్రజాతినే ముక్కలు చేశారు. గ్మెలిన్ ముందే కనిపెట్టాడని మాత్రం అనలేం, ఆ రోజుల్లో ఆ పేరు కింద రకరకాల గద్దల్ని వేసేవారు.

1774లో కాస్పియన్ దక్షిణ తీరం నుంచి తిరిగి వస్తుండగా దాగెస్తాన్‌లో కైతాగ్ పాలకుడు ఆయన్ని పట్టి బంధించాడు. జూలై 27న చెరలోనే ప్రాణం పోయింది. ముప్ఫై నిండి నెల కూడా కాలేదు! మన దగ్గర ఆ వయసుకి ఇంకా మాస్టర్స్ అప్పు తీరదు. మిగిలిన కాగితాలు సర్ది, యాత్రా గ్రంథం నాలుగో సంపుటాన్ని 1784లో బయటికి తెచ్చింది బెర్లిన్ వాడైన పల్లాస్.

ఆ గద్దలు ఇప్పటికీ రష్యా, కజఖ్‌స్తాన్ మైదానాల నుంచి మన వైపు వస్తాయి. డిసెంబర్లో కర్నూలు వెళ్ళేవాళ్ళు సాయంత్రం రోళ్ళపాడు దాకా వెళ్ళి చూడండి. రెక్కల చివర సన్నటి నల్లచార, మిగతా ఒళ్ళంతా తెల్లటి బూడిద రంగు ఉంటే మగది. చెట్టెక్కదు, గడ్డిలో నేల మీదే పడుకుంటుంది.