పిడికెడు బియ్యంతో నడిచిన బడి: కామరాజ్ జీవితం

తమిళనాడు దక్షిణ భాగాన గల విరుదునగర్‌లో 1903 జూలై 15న కుమారస్వామి నాడార్, శివకామి అమ్మాళ్ దంపతులకు కామరాజ్ జన్మించారు. తండ్రి కొబ్బరికాయల వ్యాపారి. ఆనాడు ఆ ప్రాంతంలో నాడార్లకు అనేక ఆలయాలలో ప్రవేశం లేదు. అయినను ఆ పట్టణపు నాడార్లు చదువు విషయంలో ఎవరి దయ కొరకూ వేచియుండలేదు. ఇంటింటా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవారు. అట్లు పోగైన బియ్యపు సొమ్ముతో క్షత్రియ విద్యాశాల నడిచింది. కామరాజ్ చదివినది ఆ బడిలోనే.

ఆయనకు ఆరేళ్ల ప్రాయంలో తండ్రి కన్నుమూశారు. ఇంటికి సంపాదన కరువైంది. పన్నెండేళ్లు నిండకముందే కామరాజ్ చదువు మాని మేనమామ బట్టల దుకాణంలో పనికి కుదిరారు. ఊరంతా కలిసి బడిని నిలబెట్టగలిగింది కాని, తండ్రి లేని ఒక బాలుని ఆ బడిలో నిలపలేకపోయింది. బడి ఉండుట వేరు, పేదబిడ్డ ఆ బడిలో కొనసాగుట వేరు అన్న సత్యం ఆయనకు స్వానుభవంలోనే తెలిసింది.

తరువాత స్వాతంత్ర్యోద్యమంలో చేరి, పలుమార్లు కారాగారవాసం అనుభవించి, 1954 ఏప్రిల్ 13న మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1953లో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలలో ఒక విధానం ప్రవేశపెట్టియుండెను. పిల్లలు ఒకపూట బడిలో చదివి, రెండవపూట ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారాంశం. కూలివాని బిడ్డ కూలివానిగానే మిగులునన్న నిరసన రాష్ట్రమంతటా వెల్లువెత్తింది. కామరాజ్ అధికారంలోకి వచ్చిన ఏడాదే దానిని రద్దు చేశారు.

ఆకలితో ఉన్న పిల్లలకు పాఠం తలకెక్కదని గ్రహించి, విద్యాశాఖ డైరెక్టరు ఎన్.డి. సుందరవడివేలు తోడ్పాటుతో 1956లో మధ్యాహ్న భోజన పథకానికి శ్రీకారం చుట్టారు. ఒకనాడు తెలుగు పాలెగాళ్లు ఏలిన ఎట్టయపురం ఈ పథకానికి తొలి వేదికలలో ఒకటి. మొదట గ్రామస్థుల విరాళాలతోనే వంట సాగింది. తరువాత భోజనానికి అయ్యే పది పైసలలో ఆరింటిని ప్రభుత్వం భరించగా, నాలుగింటిని స్థానికులు సమకూర్చారు.

1958 నుండి పాఠశాలాభివృద్ధి మహాసభలు జరిగాయి. గ్రామస్థులు బల్లలు, నల్లబల్లలు, బట్టలు, భవనాలు ఇచ్చారు. అయితే విరాళం ఇచ్చేవారి స్తోమతును బట్టియే వస్తుంది. కలిగిన ఊరి బడికి పక్కా కట్టడం రాగా, లేని ఊరి బడి చెట్టునీడనే మిగిలే ప్రమాదం ఉంది. కనుక ఊరి చేయూతకు సర్కారు సొమ్ము తోడు కావలసివచ్చింది. 1960లో పేదకుటుంబాల పిల్లలకు ఉన్నత పాఠశాల వరకు ఫీజు తొలగించి, తరువాత ఆ సౌకర్యాన్ని అందరికీ విస్తరించారు.

1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నాటినుండి అక్కడి తెలుగు కుటుంబాల బిడ్డలు కూడా ఈ బడుల పరిధిలోకి వచ్చారు.

1963 అక్టోబరు 2న కామరాజ్ ముఖ్యమంత్రి పదవిని స్వచ్ఛందంగా విడిచారు. 1975లో అదే తేదీన పరమపదించారు. మరుసటి సంవత్సరం ఆయనకు భారతరత్న ప్రకటింపబడింది. ఆయన వివాహం చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. భోజన పథకాన్ని ఎం.జి. రామచంద్రన్ 1982లో మరింత విస్తరించారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటా వండిన అన్నం పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. విరుదునగర్ గృహిణులు వంటకు ముందు తీసిపెట్టిన ఆ పిడికెడు బియ్యం నేడు దేశమంతటా బడిపిల్లల కంచాలలో అన్నమైంది.