శ్రామికుల వైద్యురాలు ఆలిస్ హామిల్టన్

వృత్తి కారణంగా శ్రామికులకు సంక్రమించే వ్యాధులను శాస్త్రీయంగా పరిశోధించిన వైద్యులలో ఆలిస్ హామిల్టన్ అగ్రగణ్యురాలు. ఈమె 1869 ఫిబ్రవరి 27న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. బాల్యమంతా ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ పట్టణంలో గడిచింది. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, జర్మనీలో ఉన్నత విద్య నభ్యసించింది. 1897లో చికాగో చేరి, పేద వలస కుటుంబాల సేవకై జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్ హౌస్‌లో నివాసం ఏర్పరచుకొంది. ప్రయోగశాలకే పరిమితమై ఉండవలసిన ఆమె దృష్టి ఇరుగుపొరుగు కార్మికుల వ్యాధుల వైపు మళ్ళినది ఇక్కడే. 1910లో ఇలినాయ్ రాష్ట్రంలో సీసపు విషప్రభావాన్ని పరిశోధించే బాధ్యత ఆమెకు లభించింది.

ఇండియానాలోని బెడ్‌ఫర్డ్ ప్రాంతం సున్నపురాతికి ప్రసిద్ధి. అక్కడ రాతిని చెక్కేవారి చేతికి గాలి ఒత్తిడితో పనిచేసే సుత్తులు వచ్చాయి. నిమిషానికి వేల దెబ్బలు కొట్టే ఆ సుత్తిని కుడిచేత, ఉలిని ఎడమచేత పట్టుకొని వారు పనిచేసేవారు. కొంతకాలానికి చలి ఉదయాలలో వారి వేళ్ళు సుద్దముక్కలవలె తెల్లబడి స్పర్శజ్ఞానం కోల్పోసాగాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమయ్యేది. తప్పంతా సుత్తిదేనని కార్మికులు, కాదని యజమానులు వాదించుకొన్నారు.

1918 శీతకాలంలో ఆమె బెడ్‌ఫర్డ్ వెళ్ళి వారి చేతులను స్వయంగా పరీక్షించింది. ఉలిని పట్టిన ఎడమచేతి వేళ్ళే అధికంగా పాలిపోతున్నట్లు గ్రహించింది. పనిముట్టు ప్రకంపన, ఉలిని గట్టిగా బిగించి పట్టడం, చలి, ఈ మూడూ కలిసి వేళ్ళలోని సన్నని రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేసి రక్తప్రసరణను అడ్డగిస్తున్నాయని నిర్ధారించింది. యంత్రం పనివేగాన్ని పెంచిన మాట నిజమే. ఆ వేగానికి మూల్యం చెల్లించినది మాత్రం పనివాని ఎడమచేయి!

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను అధ్యాపకురాలిగా నియమించింది. ఆ సంస్థలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమెయే. అయినా స్నాతకోత్సవపు ఊరేగింపులో నడిచే అర్హత ఆమెకు ఇవ్వలేదు. 1935లో పదవీవిరమణ చేసేనాటికీ ఆమె సహాయాచార్యురాలే!

1970 సెప్టెంబరు 22న, 101వ ఏట, కనెక్టికట్ రాష్ట్రంలోని హాడ్‌లైమ్‌లో ఆమె కన్నుమూసింది. కార్మికుల భద్రత, ఆరోగ్యాలకై అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం ఆ డిసెంబరులోనే వచ్చింది. 1978లో పరిశోధకులు తిరిగి బెడ్‌ఫర్డ్ వెళ్ళి చూడగా, గాలిసుత్తులతో రాయి చెక్కేవారిలో అత్యధికుల వేళ్ళు ఇంకా తెల్లబడుతూనే ఉన్నాయి.