షోతారో ఇషినోమోరి

బొమ్మలకథలు గీయువారిలో అగ్రగణ్యుడగు ఇషినోమోరి 1938వ సంవత్సరమున జపానుదేశమున మియాగి మండలమందు జన్మించెను. తండ్రి యీ వృత్తిని నిరసింపగా, ఉబ్బసముచే బాధపడుచుండిన అక్కగారే ఈయనకు ధైర్యము చెప్పెను. ఆమె 1958లో మృతినొందెను.

1972లో టెలివిజనున వెలసిన కికైదా కథ ఈయనదే. జిరో యను యంత్రపురుషుడు మానవవేషమున గిటారు వాయించుచు తిరుగును. ఆపద వచ్చినపుడు ఒక ప్రక్క ఎఱుపు, ఒక ప్రక్క నీలమునైన యంత్రరూపము దాల్చును. వానియందలి అంతఃకరణయంత్రము అసంపూర్ణమగుటచే, శత్రువు పిల్లనగ్రోవి నూదినంతనే వాని మనస్సు చెదరును. బలవంతులగు వీరులు కథలలో కొల్లలు. ధర్మాధర్మముల నడుమ నిట్లు నలిగిన యినుపవీరు డపూర్వుడు గదా! ఈయన గీసిన పుస్తకమున, కథాంతమందు వానికి దుర్బుద్ధియు నలవడును. అప్పుడే వాడు మనుష్యులతో సమానుడగును. అందువలన సుఖపడెనో లేదో ఈయన తేల్చలేదు.

1,28,000కు పైగా పుటలు గీసి, 1998లో అరువదవయేట పరమపదించెను.